చింతపండూ, విభూదీ, విక్టోరియా మహారాణీ

బంగారం ఎన్నేళ్ళు పెట్టెలో పడివున్నా బంగారమే. వెండి సంగతి అలా కాదు. నాలుగు నెలలు పలకరించకపోతే చాలు, ముఖం మాడ్చుకుంటుంది. శ్రావణమాసం వస్తోందనగానే కుందులూ, కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డీ పీట ముందు వరసగా పెట్టుకుని తోముకోవడం మనందరికీ అలవాటే. వాటితోపాటు చాలా ఇళ్ళల్లో ఒక చిన్న గుడ్డమూట కూడా బయటికి వస్తుంది. అందులో ఓ పదో పదిహేనో వెండి రూపాయలు. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పళ్ళెంలో పెట్టేవి. కొన్నిటి మీద మహారాణి బొమ్మ, కొన్నిటి మీద రాజుగారి బొమ్మ. ఎవరైనా అడిగితే "మా అమ్మమ్మ కాలం నాటివండీ" అంటాం. అంతకుమించి వాటి గురించి మనకి తెలిసింది తక్కువ. తెలియకపోయినా చింతపండు పెట్టి శుభ్రంగా తోమేస్తాం.

ఈ నాలుగు మాటలూ ఆ తోమడం గురించీ, తోమితే నీళ్ళతోపాటు పోయేదాని గురించీను.

ముందు ఈ రూపాయి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూద్దాం. 1540 నుంచి 1545 దాకా ఢిల్లీ ఏలిన షేర్‌షా సూరి 178 గ్రెయిన్ల బరువున వెండి నాణెం కొట్టించి దాన్ని రూపాయి అన్నాడు. ఏలింది అయిదేళ్ళే. ఆ నాణెం మాత్రం ఆయన చేతిలో ఓడిపోయిన మొగలాయిలకీ, వాళ్ళ తర్వాత వచ్చిన కంపెనీ వాళ్ళకీ కూడా పనికొచ్చింది. కంపెనీ దొరలు చాలా కాలం తమ పేరు వేసుకోవడానికి జంకి ఢిల్లీ పాదుషా షా ఆలం పేరుతోనే నాణేలు కొట్టించారు. బెంగాల్లో అయితే మరీ విడ్డూరం. ఆ పాదుషా ఏలుబడిలో పందొమ్మిదో ఏడు అని ఒకసారి వేసిన అచ్చునే ఏళ్ళ తరబడి మార్చకుండా వేస్తూ వచ్చారు. వయసు దాచుకోవడంలో ఆడవాళ్ళకి పేరు గానీ, కంపెనీ వారి ముందు మనమెంత!

1835లో వాళ్ళకి ధైర్యం వచ్చింది. దేశమంతటికీ ఒకే రూపాయి అని చట్టం చేసి, తమ రాజు నాలుగో విలియం తల వేశారు. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి, ఒక వంతు రాగి. ఈ 180 గ్రెయిన్లే మన తులం. రూపాయి అంటే డబ్బే కాక తూనికరాయి కూడా అన్నమాట. 80 రూపాయలు తూస్తే సేరు, 120 రూపాయలు తూస్తే వీశె. పాత మందుల చీటీల్లో "రూపాయి ఎత్తు" అని రాసేవారంటే అందుకే. ఇప్పుడు నగల షాపుల్లో తులం అంటే పది గ్రాములని లెక్క కట్టేస్తున్నారు కానీ, మీ మూటలో అరగని పాత రూపాయి ఒకటి ఉంటే అసలు తులం ఎంతో అది చెబుతుంది.

విక్టోరియా బొమ్మలు ప్రధానంగా రెండు రకాలు. 1840 నాటి రూపాయి మీద పడుచుపిల్ల, జుట్టుకి రిబ్బను కట్టుకుని, తలమీద కిరీటం లేకుండా ఉంటుంది. 1862 నుంచి వచ్చిన వాటిమీద కిరీటమూ, పువ్వుల పనితనం ఉన్న రవికా, మెడలో హారమూ ఉంటాయి. 1877 నుంచి "రాణి" మాట పోయి "చక్రవర్తిని" అని అచ్చయింది. ఇందులో ఒక చిక్కుంది. 1862 అని ఉన్న రూపాయి నిజంగా ఆ ఏటిదే అయివుండక్కర్లేదు. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు. ఆ తేదీ చుట్టుపక్కల సూదిమొనంత చుక్కలు కొన్ని ఉంటాయి. ఆ చుక్కల్ని లెక్కపెట్టి అసలు ఏ ఏడు కొట్టారో పోల్చుకోవాలని నాణేలు సేకరించేవాళ్ళు భూతద్దం పెట్టుకుని తంటాలు పడతారు. మనం విభూది వేసి బొటనవేలితో రుద్దేటప్పుడు మొట్టమొదట అరిగేది ఆ చుక్కలూ, ఆవిడ రవిక మీది పువ్వులూను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. చరిత్ర పుస్తకాల్లో ఇది మారక విలువల అధ్యాయంలో ఏ మూలో ఉంటుంది. నా దృష్టిలో మాత్రం అది ఆడవాళ్ళ కథ.

1893కి ముందు ఎవరైనా సరే వెండి పట్టుకెళ్ళి బొంబాయి టంకశాలలోనో కలకత్తా టంకశాలలోనో ఇస్తే, కూలి మినహాయించుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. అంటే కాలి కడియమూ, రూపాయీ అక్కచెల్లెళ్ళన్నమాట. పండగొస్తే రూపాయలు కరిగించి కడియం చేయించుకో, కరువొస్తే కడియం కరిగించి రూపాయలు చేసుకో. 1876లో ధాత కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడిపోయాయి. ఆ కరువులో జనం వంటిమీది వెండి ఒలిచి అమ్ముకోగా, బొంబాయి టంకశాలకి వెండి నగలు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. వచ్చిన ఆ కడియాలూ వడ్డాణాలూ అక్కడ రూపాయలయ్యాయి. అమ్ముకోవడం దుఃఖమే. కానీ తూకానికి తగ్గ డబ్బయినా ముట్టింది.

ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా వెండి ధర పడిపోతూ వచ్చింది. జర్మనీ వాళ్ళు వెండి నాణేలు మానుకుని బంగారంలోకి మారారు, అమెరికాలో కొత్త గనులు పడ్డాయి. ఇంగ్లండుకి ఏటా బంగారం లెక్కన సొమ్ము పంపుకోవలసిన ఇక్కడి సర్కారుకి రూపాయి చవకవడం గిట్టుబాటు కాలేదు. 1893 జూన్‌లో టంకశాలల తలుపులు ప్రజలకి మూసేశారు. ఇకమీదట సర్కారు కొడితేనే రూపాయి. రూపాయి విలువ నిలబడింది, వెండి విలువ మాత్రం దిగజారుతూనే పోయింది. ఆ దెబ్బతో కడియమూ రూపాయీ అక్కచెల్లెళ్ళు కాకుండా పోయారు. పల్లెటూరి ఆడదాని దగ్గర ఉన్న ఆస్తంతా వెండే. ఆవిడ నిద్రపోయి లేచేసరికి ఆ ఆస్తి విలువ తరిగింది. ఎవరూ ఆవిడ గుమ్మం తొక్కలేదు, ఏ దొంగా రాలేదు. 1896లోనూ 1899లోనూ మళ్ళీ కరువులొచ్చాయి. ఈసారి కడియం తీసుకెళ్ళినవాళ్ళకి వర్తకుడు ఇచ్చిందే ధర. బీదల వెండి నగల విలువ ఇలా తగ్గించడం అన్యాయమని దాదాభాయి నౌరోజీ వంటి పెద్దలు అప్పట్లో వాదించారు. వాదన వాదనగానే ఉండిపోయింది.

అందుకనే, తెలివైన ఆడవాళ్ళు ఆ తర్వాత వెండి ముద్దకన్నా వెండి రూపాయికే మొగ్గు చూపారంటే నాకు ఆశ్చర్యం లేదు. రూపాయిని గొలుసుకి గుచ్చి మెడలో వేసుకున్నా, అవసరానికి అది రూపాయే కదా అని వాళ్ళ ధీమా. చట్టం మాత్రం అలా అనలేదు. 1906 నాటి నాణేల చట్టం ప్రకారం బరువులో నూటికి రెండు వంతులకన్నా ఎక్కువ తరిగినా, రూపు చెడగొట్టినా ఆ రూపాయి చెల్లదు. కొక్కెం అతికించిన మరుక్షణం సర్కారు దృష్టిలో అది వట్టి వెండి బిళ్ళే. నూటికి రెండు వంతులంటే ఎంత? పావు గ్రాముకన్నా తక్కువ. విభూదితో ఎన్ని శ్రావణమాసాలు తోమితే పావు గ్రాము పోతుందో నేను తూచి చూడలేదు గానీ, ముక్కూ చెవులూ పోయిన మహారాణులని మటుకు చాలామంది ఇళ్ళల్లో చూశాను.

మా అత్తగారి దగ్గర ఇలాంటి మూట ఒకటి ఉంది. ఆవిడకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చినవి, మొత్తం ముప్పై ఒక్క రూపాయలు. కిందటేడు ఆవిడ ఆ మూట నా ఒళ్ళో పెట్టి, "అమ్మాయ్, ఇహ నా చేతుల్లో తోమే ఓపిక లేదు. నువ్వు తోమి ఉంచు, వ్రతానికి తళతళలాడాలి" అన్నారు. నేను తోమబోయే ముందు తెల్ల దుప్పటి మీద వాటిని సంవత్సరాల వారీగా పేర్చాను. బి.ఏ.లో చరిత్ర చదివినందుకు ఆ మాత్రం పురుగు తొలుస్తూనే ఉంటుంది. ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని, ఎప్పుడెప్పుడో విన్న మాటలు ఒక్కొక్కటే చెబుతూ వచ్చారు.

1862 అని ఉన్నవి రెండు. చక్రవర్తిని బొమ్మవి నాలుగు. తర్వాత బోడితల ఎడ్వర్డు రాజుగారివి అయిదు. కిరీటం లేకుండా ఉంటాడీయన. ఈ పదకొండింట్లో ఎనిమిదింటికి అంచున ఒక చిన్న బుడిపె ఉంది. కొక్కెం ఊడదీసిన గుర్తు. "అమ్మమ్మ పెళ్ళినాటికి తొమ్మిదేళ్ళట. రూపాయల పేరు చేయించి వేశారట" అన్నారు అత్తగారు. మరి ఎందుకు ఊడదీశారంటే ఆవిడ కాసేపు ఊరుకున్నారు. ఆ అమ్మమ్మగారికి ఇరవయ్యో ఏట, చంకన ఏడాది పిల్లతో, పసుపు కుంకుమలు పోయాయి. ఆనాటి ఆచారం మీకు తెలియంది కాదు. మెళ్ళో పేరు తీసేశారు. రూపాయలు మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత వరసలో ఎనిమిది రూపాయలు వేరే జాతివి. రాజూ లేడు, రాణీ లేదు, నడిమధ్యన చార్మినార్. అవి నైజాం వారి హాలీ సిక్కాలు. మెట్టినిల్లు కృష్ణాజిల్లా తిరువూరు వైపు, పుట్టినిల్లు మధిర వైపు. రెంటికీ మధ్య దూరం తక్కువే కానీ ఒకటి ఇంగ్లీషు వాళ్ళ రాజ్యం, రెండోది నైజాం. ఆవిడ బతుకు అటు మారింది కాబట్టి ఆవిడ రూపాయలూ మారాయి. హైదరాబాదు టంకశాలలో మరమీద కొట్టిన ఈ చార్మినార్ బొమ్మ రూపాయలు 1903 ప్రాంతంలో మొదలయ్యాయి. చార్మినార్ వాకిట్లో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. "మీమ్" ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలందీ, "ఐన్" ఉంటే 1911లో గద్దెకెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలందీ. మా ఎనిమిదింటి మీదా ఐన్ అక్షరమే. పక్కింటి ఉర్దూ టీచరుగారిని పిలిచి చదివించుకున్నాను. ఆవిడ ఆ అక్షరాన్ని గోటితో ముట్టుకుని, "ఇంకా బతికే ఉందండీ" అన్నారు.

నైజాంలో ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకి ఏడు హాలీ రూపాయలు. హాలీలో వెండి పాలు కాస్త తక్కువ, వెయ్యికి 818 వంతులు. మిగతాది రాగి. అందుకే మా హాలీ రూపాయల అంచున పచ్చగా చిలుము పట్టింది, కల్దార్లకి అంతగా లేదు. అప్పడాలు వత్తి, నెయ్యి కాచి అమ్మి ఆవిడ వెనకేసుకున్నవిట ఆ ఎనిమిదీ.

ఇక మిగిలిన వాటిల్లో పదకొండు రూపాయలు ఒక్కలాంటివే. అన్నీ అయిదో జార్జివే, అన్నీ 1918వే. వేళ్ళ మధ్య ఎక్కువ నలగలేదేమో, రాజుగారి గడ్డంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇదేమిటి ఇలా ఒకే ఏటివి పదకొండు అని అడిగితే అత్తగారు తేలిగ్గా చెప్పేశారు. "మనోవర్తి. మరిది ఇచ్చాడట. పెద్దమనుషుల్లో పెడితే ఏడాదికింత అని ఒప్పుకున్నాడు. ఒక్క ఏడే ఇచ్చాడు."

ఆ 1918 రూపాయలకి ఇంకో కథ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో రూపాయలకి విపరీతమైన గిరాకీ వచ్చి, సర్కారు దగ్గర వెండి నిండుకుంది. 1917 నవంబరులో తొలిసారి ఒక్క రూపాయి కాగితం వచ్చింది. కాగితాన్ని రూపాయి అంటే ఎవరు నమ్ముతారు? చేతికొచ్చిన వెండి రూపాయినల్లా జనం కుండల్లో దాచారు. చివరికి అమెరికా వాళ్ళు 1918లో ఒక చట్టం చేసి, తమ ఖజానాలోని వెండి డాలర్లు కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కి అమ్మారు. ఒకటీ రెండూ కాదు, సుమారు 26 కోట్ల డాలర్లు. ఆ వెండిలో అధికభాగం ఓడలెక్కి మనదేశం చేరి రూపాయలైంది. మధిర దగ్గర పల్లెలో ఒక వితంతువుకి మరిది విదిల్చిన మనోవర్తిలో ఎక్కడో అమెరికా దేశపు డాలరు కలిసివుందేమోనని అనిపిస్తే, చరిత్ర పుస్తకం మూసి ఆ రూపాయినే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. హైదరాబాదులో కూడా వెండి కరువై ఆ 1918లోనే నిజాం ప్రభుత్వం సొంత నోట్లకి చట్టం చేసుకుంది.

జార్జి రాజుగారి పేరెత్తాక ఆయన ఏనుగు సంగతి చెప్పాలి. మా మూటలో అది లేదు. 1911లో ఆయన బొమ్మతో వచ్చిన మొదటి రూపాయిల్లో, భుజం మీది హారంలో చిన్న ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిగా పడి, అది చూడ్డానికి అచ్చం పందిలా ఉంది. ముస్లిములు ఇదేం అపచారమన్నారు. గొడవై, ఆ నాణేలు ఆపేసి, 1912లో ఏనుగుకి సరైన తొండం పెట్టారు. మీ ఇంట్లో 1911 రూపాయి ఉంటే దయచేసి తోమకండి. ఆ ఏనుగు కందిగింజకన్నా చిన్నది.

ముప్పై ఒకటోది 1940 తర్వాతది. పట్టుకుంటే రంగే వేరు. 1940లో రూపాయిలో వెండిని సగానికి దించేసి, రాగీ నికెలూ తుత్తునాగం కలిపారు. పాత విక్టోరియా రూపాయలు 1941 నుంచి చెల్లవన్నారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఎడ్వర్డువీ, జార్జి కాలపు మంచి వెండివీ కూడా చెల్లకుండా చేశారు. 1947కి వెండి పూర్తిగా పోయి, పులి బొమ్మతో నికెల్ రూపాయి వచ్చింది. రెండో యుద్ధంలో అమెరికా దగ్గర అప్పుతెచ్చుకున్న 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండిని మనవాళ్ళు 1950 దశకంలో తీర్చారు. ఆ తీర్చిన వెండి చాలావరకు జనం దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన ఈ సగం వెండి నాణేల్లోంచి తీసిందే. ఇచ్చుకుంటూ పుచ్చుకుంటూ వెండి రెండుసార్లు సముద్రాలు దాటింది. చెల్లవన్న రూపాయల్ని ఆ అమ్మమ్మగారు ఏ ఆఫీసుకీ పట్టుకెళ్ళలేదు. హాలీ సిక్కా కూడా 1959తో పోయింది. అవీ మూటలోనే ఉన్నాయి.

ఇంత విన్నాక చింతపండు నానబెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అత్తగారు ఊరుకుంటారా? "నల్లటి రూపాయి అమ్మవారి ముందు పెడతామా?" అన్నారు. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు.

అసలు వెండి ఎందుకు నల్లబడుతుందో కాస్త చూద్దాం. ఇనుములా గాలి తగిలితే తుప్పుపట్టే రకం కాదు వెండి. దాని శత్రువు గంధకం. గాలిలో రవ్వంత ఉండే గంధకపు ఆవిరి చాలు. బొగ్గు పొగలో ఉంటుంది, కోడిగుడ్డులో ఉంటుంది, ఉల్లిపాయలో ఉంటుంది, రబ్బరు బ్యాండులో ఉంటుంది, ఉన్ని బట్టలో ఉంటుంది. వెండీ గంధకమూ కలిసి పైన సన్నటి నల్లపొర కడతాయి. ఆ నలుపు మట్టీ మసీ కాదు. వెండిలోంచే పుట్టింది. గీకి తీస్తే ఆ మేరకు వెండి కూడా పోతుంది.

ఇప్పుడు మన వంటింటి వైద్యాలు ఒక్కొక్కటీ చూడండి. చింతపండు పులుపు రాగి చిలుముకీ, ఇత్తడి మసకకీ బాణంలా పనిచేస్తుంది. వెండిమీది నలుపుని పులుపు కరిగించలేదు. మరి తోమితే తెల్లబడుతోంది కదా అంటారా? అది మీ వేళ్ళ బలం, చింతపండు పీచు రాపిడి. కంసాలి చింతపండు నీళ్ళల్లో ఉడకబెట్టేది కూడా, వెండిని నిప్పులో కాల్చాక పైకి తేలిన రాగి పొరని పోగొట్టడానికి. విభూది, ముగ్గుపిండి, పళ్ళపొడి, పేస్టూ అన్నీ ఒక కులమే. రాపిడి సరుకు. కుందికీ పళ్ళేనికీ ఫరవాలేదు. అక్షరాలున్న వస్తువుకి అది ఆకురాయే.

కొంచెం న్యాయమైన పద్ధతి ఒకటుంది. పాత సత్తుగిన్నెలో వేణ్ణీళ్ళు పోసి, లీటరుకి రెండు చెంచాలు వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి, రూపాయిని గిన్నె అడుగున సత్తుకి ఆనేలా పెట్టండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున కొడితే గాబరాపడకండి. వెండిని పట్టుకున్న గంధకం దాన్ని వదిలిపోతోందన్నమాట. సత్తు తాను చెడి వెండిని బాగుచేస్తుంది. ఈ పద్ధతిలో నల్లపొరలోని వెండి తిరిగి రూపాయి మీదికే చేరుతుంది, రాపిడితో పోయినట్టు పోదు. రెండు మూడు నిమిషాలు చాలు. తీసి మంచినీళ్ళతో కడిగి మెత్తటి పాత ధోవతి గుడ్డతో అద్దండి, రుద్దకండి. ఆ గిన్నె నల్లబడుతుంది, మళ్ళీ వంటకి వాడకండి. ముత్యాలూ రాళ్ళూ పొదిగిన వస్తువులు అందులో వేయకండి. సగం వెండి నాణేలకి ఇది అంతగా పనిచేయదు, వాటి రంగు రాగి వల్ల వచ్చింది. షాపుల్లో సీసాల్లో అమ్మే మందునీళ్ళు క్షణంలో తెల్లగా చేస్తాయి కానీ, ఎక్కువసేపు ఉంచితే పై పొరని తినేస్తాయి. చూడ్డానికి సున్నం కొట్టినట్టు, ప్రాణంలేని తెలుపు.

అయితే నాణేల మీద ఇష్టమున్నవాళ్ళు సోడా పద్ధతికి కూడా ఒప్పుకోరు. సమంగా పట్టిన నలుపు వాళ్ళకి అందం. అక్షరాల చుట్టూ నలుపు నిలిచి ఉంటేనే అక్షరం కనిపిస్తుంది. తెల్లగా తోమిన నాణేనికి వాళ్ళు తక్కువ ధరే కడతారు. మన మూటల్లోవి అమ్ముకోవడానికి కాదనుకోండి. అయినా ఆ బుడిపె పక్కన నలుపు లేకపోతే అక్కడ కొక్కెం ఉండేదన్న సంగతే నా కంటపడేది కాదు.

చివరికి అత్తగారూ నేనూ ఒక ఒడంబడికకి వచ్చాం. మనోవర్తి రూపాయల్లోంచి మూడు తీసి సత్తుగిన్నెలో వేశాం. అవి అమ్మవారికి. "ఆ మరిది డబ్బే తెల్లబడనీ, పుణ్యం వస్తుంది" అని ఆవిడే ఎంచారు. మిగతా ఇరవై ఎనిమిదీ గోరువెచ్చటి కుంకుడు రసంలో కాసేపు ఉంచి, మంచినీళ్ళలో ముంచి తీశాను, అంతే. కుంకుడు జిడ్డు తీస్తుంది, పాత పసుపూ కుంకుమా వదిలిస్తుంది. నలుపు జోలికి పోదు. హాలీ రూపాయల అంచున పచ్చ చిలుముని మాత్రం చీపురుపుల్ల కొనకి దూది చుట్టి, పైపైన తుడిచాను.

ఆరబెట్టాక రబ్బరు బ్యాండు వేయలేదు. ఉన్ని గుడ్డలో చుట్టలేదు. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో కూడా పెట్టకూడదు, కొన్నాళ్ళకి అవి జిగురుదేలి నాణేనికి పచ్చగా అంటుకుంటాయి. ఉతికిన పాత నూలుచీర కొంగు చింపి ఒక్కొక్కటీ విడిగా చుట్టాను. తేమ పీల్చడానికి డబ్బాలో ఓ సుద్దముక్క పడేశాను. ఒక్కో మూటలో ఒక్కో చీటీ పెట్టి, అత్తగారు చెప్పిందల్లా పెన్సిలుతో రాశాను. "పెళ్ళిలో పేరులోది." "నెయ్యి డబ్బు." "మనోవర్తి, ఒక్క ఏడు." రాస్తూ రాస్తూ ఆ అమ్మమ్మగారి పేరేమిటని అడిగాను. ఇంట్లో అందరూ అమ్మమ్మ అనీ పెద్దమ్మ అనీ పిలిచినవాళ్ళే. అత్తగారు చాలాసేపు ఆలోచించి, మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ వాళ్ళ పెద్దన్నయ్యగారికి ఫోన్ చేసి కనుక్కుని చెప్పారు. డబ్బా మూతమీద ఆ పేరు రాశాను.